యాప్ ఖర్చులో ఆరో పద్దు

హుజూర్‌నగర్‌లో వరికోత మిషన్ల ఓనర్లకు ఒక సంఘం ఉంది. మార్కెట్ యార్డుకు పోయే దారిలో, ఎరువుల దుకాణం పైన ఒక గది, అదే వాళ్ల ఆఫీసు. పన్నెండేళ్లుగా ఆ గదిలో కూర్చునేది కౌసల్య. రెండు ఫోన్లు, ఒక పొడుగు నోటుబుక్కు ఆమె సరంజామా. రైతు ఫోన్ చేస్తే ఏ ఊరు, ఎన్నెకరాలు అని రాసుకుని, ఇరవై మిషన్లలో ఏది దగ్గర్లో ఉందో చూసి డ్రైవర్‌కు చెబుతుంది. వానాకాలం, యాసంగి రెండు పంటలూ కలిపి ఏడాదికి ఐదు నెలల పని. నెలకు ఏడు వేలు.

చేరిన రెండో ఏడు ఎవరో ఫోన్ చేసి, కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో ముప్పై ఎకరాలు కోయాలని చెప్పారు. మూడు మిషన్లు పంపింది. తీరా పోతే ఆ పేరు గల మనిషే ఆ ఊళ్లో లేడు. ఆనాటి డీజిల్ నష్టం ఆమె వల్లేనని ఓనర్లు ఆమె ముందే మాట్లాడుకున్నారు. అప్పటినుంచి ఆమె ఎవరి మాటా ఒక్కసారికి నమ్మదు. కొత్త రైతు ఫోన్ చేస్తే పక్క పొలం వాళ్ల పేరు అడుగుతుంది. వాళ్లకు ఫోన్ చేసి, "మీ పక్కన వరి కోతకొచ్చిందా?" అని కనుక్కుంటుంది. ఇంట్లో కూడా అంతే. కూరగాయల బండి మీద తూకం రాయిని చేతిలోకి తీసుకుని చూస్తుంది. "నీకు నా మీద గూడ అనుమానమే" అని భర్త లింగయ్య నవ్వుతాడు. ఆమె కాదనదు.

2022 వానాకాలం కోతలు అయిపోవస్తున్నప్పుడు సంఘం అధ్యక్షుడు గోపాల్ మెట్లెక్కి వచ్చాడు. ఆయనకు మూడు మిషన్లు. ఎప్పుడూ కింద నుంచే కేకేసి పనులు చెప్పేవాడు, ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చుని చాయ్ తెప్పించాడు. ఎందుకో అనుకుంది కౌసల్య.

"మనం యాప్ పెడుతున్నం చెల్లె. రైతులు ఫోన్‌లనే మిషన్ బుక్ చేసుకుంటరు. హైదరాబాద్‌ల ఒక పిలగాడు ఉన్నడు, మల్లికార్జున్. మా చుట్టమే. వచ్చి అడుగుతడు, నీకు తెలిసినవన్ని చెప్పు. ఖర్చు లెక్క కూడ నువ్వే చూడాలె."

"నేనెందుకు అన్నా? నాకు యాప్ ఏం తెలుసు?"

"పని తెలిసింది నీకే గదా."

ఆయన దిగి వెళ్లాక చాయ్ చల్లారిపోయింది. రైతులు వాళ్లంతట వాళ్లే బుక్ చేసుకుంటే ఈ గది ఎందుకు, ఈ రెండు ఫోన్లెందుకు? తన పని తీసేయడానికి కావలసిన సమాచారం తన నోటితోనే చెప్పించుకుంటున్నారు. పైగా చుట్టమట.

మల్లికార్జున్ వారం తిరగకుండానే వచ్చాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. లాప్‌టాప్ తెరిచి మర్యాదగా అడిగాడు.

"అక్కా, పొద్దున వచ్చినప్పటి నుంచి మీరు ఏమేం చేస్తరో జర చెప్పుండ్రి."

"ఫోన్ వస్తది. మిషన్ పంపుత. గంతే."

"ఏ మిషన్ ఎక్కడికి పంపాల్నో ఎట్ల తెలుస్తది?"

"దగ్గరున్నదాన్ని పంపుత."

అతను రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడిగాడు. అదే జవాబు. మూడోసారి వాట్సాప్‌లో పదకొండు ప్రశ్నలు పంపాడు. ఆమె చూసింది, జవాబు ఇవ్వలేదు. టైరు మిషన్ దిగబడే మడికి చైన్ మిషన్ పంపాలని చెప్పలేదు. పడిపోయిన వరికి గంట పనికి రెండు గంటలు పడుతుందనీ చెప్పలేదు. ఏ ఊళ్లో ఏ బాటన మిషన్ పట్టదో, ఏ డ్రైవర్‌కు తెలుగు రాదో, అవన్నీ తన దగ్గరే దాచుకుంది.

డిసెంబరులో ఖర్చు కాగితం వచ్చింది. ఆరు పద్దులు. రైతుల యాప్ లక్షా నలభై వేలు, డ్రైవర్ల యాప్ తొంభై వేలు, ఆఫీసులో బుకింగులు ఎక్కించే పేజీ అరవై వేలు, ఆన్‌లైన్ చెల్లింపులు నలభై ఐదు వేలు, మిషన్ ఎక్కడుందో మ్యాప్‌లో కనిపించడానికి యాభై ఐదు వేలు. చివరిది "ఆపరేషన్స్", నెలకు ఎనిమిది వేల చొప్పున పన్నెండు నెలలకు తొంభై ఆరు వేలు. మొత్తం నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. తలా ముప్పై ఐదు వేలు వేసుకుందామని గోపాల్ ఓనర్లకు చెప్పేశాడు కూడా.

కౌసల్య చూపు ఆరో పద్దు మీద ఆగింది. ఆపరేషన్స్ అంటే ఏమిటి? ఏడాది పొడుగునా నెలకు ఎనిమిది వేలు ఎవరికి? గోపాల్‌నడిగితే, "గవన్ని కంపెనీ ఖర్చులు" అని ఫోన్ చూసుకున్నాడు. చుట్టాలిద్దరూ కలిసి పంచుకుంటున్నారని ఆమెకు రూఢి అయిపోయింది.

ఆమె చిన్ననాటి స్నేహితురాలు యాదలక్ష్మికి దీప్తి అనే కూతురుంది. హైదరాబాద్ కంపెనీలో యాప్‌లు చేసే పని ఆమెది; పాప పుట్టాక చిట్యాలలో అత్తగారింటి నుంచే చేస్తోంది. కౌసల్య కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, లింగయ్యకు దీప్తి పాపను చూసొస్తానని చెప్పి, మిర్యాలగూడ మీదుగా చిట్యాల బస్సెక్కింది. దారి పొడుగునా ఇంకో అనుమానం: ఈ పిల్ల పని తనకే ఇమ్మంటే?

దీప్తి కాగితం చదివి పక్కన పెట్టింది.

"రేట్లు ఎక్కువేం కావు చిన్నమ్మా. ఇంకో కంపెనీ అయితే ఇంకా ఎక్కువ చెప్తది."

కౌసల్యకు నిరాశగా అనిపించింది. "మరి నువ్వు చేస్తే ఎంతైతది?"

"నేను చెయ్య. నాకు టైం ఏది? అది సరే, నువ్వు రోజంతా ఏం చేస్తవో చెప్పు."

ఇక్కడ దాచాల్సిన పని కనిపించలేదు. కౌసల్య చెప్పడం మొదలుపెట్టింది. మడిలో నీళ్లు తీశారా అని రెండు రోజుల ముందే అడగడం, వాన పడితే జాబితా అంతా తిరగరాయడం, ఒకే ఊరి రైతులను ఒక రోజుకు జమ చేసి మిషన్ తిరుగుడు తగ్గించడం, సేలం నుంచి వచ్చిన డ్రైవర్లకు గుర్తులు చెప్పడం. దీప్తి పాపను ఒళ్లో వేసుకుని గంటసేపు వింది.

"ఇందులో ఒక్కటి కూడ గా కాగితంల లేదు. మీ రైతులు ఎంతమంది యాప్‌ల బుక్ చేస్తరు?"

"పది మందికి ఒక్కరు చేస్తే గొప్ప. మిగతావాళ్లు నాకే ఫోన్ చేస్తరు."

"అయితే రైతుల యాప్‌కు లక్షా నలభై వేలు ఇప్పుడెందుకు? మ్యాప్ ఎందుకు? ఇంకోటి, రెండో ఏడు ఖర్చు ఎక్కడ రాసిన్రు? సర్వర్‌కు కిరాయి ఉంటది, మెసేజ్‌లకు పైసలుంటయి, ఫోన్లు మారినప్పుడల్లా యాప్ సరిచెయ్యాలె. గది అడుగు. ఆపరేషన్స్ అంటే మాత్రం యాప్ చేసే ఖర్చు కాదు చిన్నమ్మా. ఎవరికో జీతం."

జనవరిలో మీటింగు పెట్టారు. పద్నాలుగు మంది ఓనర్లు, మల్లికార్జున్, చివర కౌసల్య. ఆమె లేచి నిలబడి, ముందు మల్లికార్జున్ వైపే తిరిగింది.

"గిదేం లెక్క తమ్మీ? మాకు అక్కరలేనియి గిన్ని రాసినవ్, అక్కరున్నది ఒక్కటి లేదు. చైన్ మిషన్ మాటే లేదు. రెండో ఏడు ఖర్చు లేదు. మమ్మల్ని ఏమనుకున్నవ్?"

అతని ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు.

"రెండో ఏడు ఖర్చు రాయకపోవుడు నా తప్పే అక్కా. పని ఎక్కడ చేతులోంచి పోతదో అని రాయలే. మిగతావాటికి నేను మిమ్మల్ని మూడుసార్లు అడిగిన. వాట్సాప్‌ల పదకొండు ప్రశ్నలు పెట్టిన. ఇప్పటికి గూడ జవాబు రాలే. నాకు తెలిసిందే రాసిన."

కౌసల్య చెవులు వేడెక్కాయి. అతను చెప్పింది నిజం. పిల్లవాడు దొంగ అని ముందే తేల్చేసుకుని, తప్పు లెక్క వేసేలా తనే చేసింది. నోటుబుక్కును గట్టిగా పట్టుకుంది.

"గది నాదే తప్పు" అంది చివరికి. "నేను చెప్పలే. మరి గా ఆరో పద్దు ఎవరు రాయమన్నరు తమ్మీ?"

మల్లికార్జున్ గోపాల్ వైపు చూశాడు. గోపాల్ గొంతు సవరించుకున్నాడు.

"మా కోడలు డిగ్రీ చదివింది, ఇంట్లనే ఉంటాంది. యాప్ వచ్చినంక కంప్యూటర్ ముంగట కూసోను ఒకరు కావాలె గదా అని…"

"మరి నేను, అన్నా?"

"నీకు కంప్యూటర్ రాదు గదా చెల్లె."

అది విని ఆమెకు కోపం రాలేదు, విచిత్రంగా కొంచెం నెమ్మదించింది. రెండు నెలలుగా లోపల నలిగినది నిజమేనని తేలింది. ఓనర్లలో పెద్దవాడు దశరథం ఒక్క మిషన్ గల మనిషి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. ఆయన అన్నాడు: "కంప్యూటర్ నేర్సుకోవచ్చు గోపాల్. ఏ మడిల నా బండి దిగబడ్తదో ఆమెకు తెలుసు. నీ కోడలు ఎన్నేండ్లకు నేర్సుకుంటది? నేనైతే పైసలు గిట్లయితే ఇయ్య."

ఆ మధ్యాహ్నమంతా లెక్క మళ్లీ వేశారు. కౌసల్య ఒక్కొక్కటే చెబుతుంటే మల్లికార్జున్ రాసుకున్నాడు. రైతుల యాప్, ఆన్‌లైన్ చెల్లింపులు, మ్యాప్ తీసేశారు. డ్రైవర్ల యాప్ తొంభై వేలు, ఆఫీసు పేజీ అరవై వేలు ఉంచారు. మడి తడి, చైన్ మిషన్, తమిళంలో మెసేజ్‌లకు పాతిక వేలు కలిపారు. మొత్తం లక్షా డెబ్బై ఐదు వేలు, తలా పన్నెండు వేల ఐదు వందలు. రెండో ఏడు నుంచి ముప్పై వేలని విడిగా రాశారు. ఆరో పద్దును గోపాలే పెన్నుతో కొట్టేశాడు. తర్వాత నెల రోజులు ఆయన కౌసల్యతో మాట్లాడలేదు.

యాసంగి కోతలకు యాప్ వచ్చింది. మొదటి వారం రెండుసార్లు ఆగిపోయింది. ఆమె ఫోన్ చేసి అరిచింది, మల్లికార్జున్ బస్సెక్కి వచ్చి సరిచేసి పోయాడు. టైపింగ్ మొదట్లో ఒక్క వేలితోనే. అయినా ఒకసారి టైపు చేస్తే చాలు, పొలం గుర్తులు డ్రైవర్ ఫోన్‌లోకి వెళ్లిపోయేవి. దారి తప్పామంటూ డ్రైవర్లు చేసే ఫోన్లు తగ్గాయి. రైతులు మాత్రం ఆమెకే ఫోన్ చేశారు. జూన్‌లో ఓనర్లు జీతం తొమ్మిది వేలు చేశారు, అదీ పని ఉన్న నెలలకే. నోటుబుక్కు మాత్రం ఆమె మానలేదు. యాప్‌లో ఎక్కించినవన్నీ అందులో కూడా రాసేది.

ఏడాది తిరిగాక మల్లికార్జున్ ముప్పై వేల బిల్లు పంపాడు. మీటింగులో గొణుగుడు మొదలైంది.

"యాప్ అయిపోయింది గదా, మళ్ల పైసలేంది?"

"గిదంతా ఆళ్ల మోసం."

కౌసల్య ఆ బిల్లును అప్పటికే మూడుసార్లు చదివింది. సర్వర్ కిరాయి నిజంగా అంతేనా అని దీప్తికి ఫోన్ చేసి అడిగింది కూడా. మెసేజ్‌ల లెక్కలో నాలుగు వందలు తేడా పట్టి మల్లికార్జున్‌తో తగ్గించింది. ఇప్పుడు ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"మోసం కాదు. నేను చూసిన. మిషన్ కొన్నంక బెల్టులు మార్చుతలేరా, ఆయిల్ పోస్తలేరా? గిదీ గట్లనే. ఇయ్యుండ్రి."

దశరథం అందరికంటే ముందు జేబులో చెయ్యి పెట్టాడు.