చక్రం మీద అరిగిన చోటు

పోయిన మంగళవారం పొద్దున్నే ఓడరేవు దగ్గరి హాడో నుంచి ఫోనొచ్చింది. బాబాయి ఇక లేడని ఆయన కొడుకు చెప్పాడు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలాగే వెనక్కి వాలిపోయాడట. ఎనభై దాటిన మనిషి. బాధపడకుండా వెళ్లాడు, అదృష్టవంతుడు అన్నారు చూడ్డానికొచ్చినవాళ్లు. నాకు ఆ మాట సగమే నిజమనిపించింది. బాబాయి పడాల్సిన బాధంతా వయసులో ఉండగానే పడ్డాడు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇప్పుడు ఒకరిద్దరమే మిగిలాం. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది శ్రీకాకుళం తీరం. తాతల నాటి నుంచీ వేటే జీవనం. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో నాన్నా బాబాయీ వలలు వదిలేసి, విశాఖలో ఓడెక్కి ఈ దీవులకొచ్చారు. అప్పట్లో రంగత్ వైపు అడవి నుంచి జెట్టీ దాకా నారోగేజి పట్టాలుండేవి. వాటి మీద ఒక చిన్న ఆవిరింజను దుంగలు లాగేది. నాన్న దానికి డ్రైవరయ్యాడు, బాబాయి ఫిట్టరయ్యాడు. అన్న నడిపేవాడు, తమ్ముడు బాగుచేసేవాడు.

నా చిన్నప్పుడు ఒక వానరోజు, దుంగలతో దిగుతున్న ఆ బండి వాలులో ఆగలేదు. మలుపు దగ్గర పట్టాలు తప్పి పడిపోయింది. నాన్న పోయాడు. బొగ్గు వేసే రాంచీ భయ్యా దూకి బతికాడు. డ్రైవరు వేగంగా నడిపాడని పైవాళ్లు తేల్చారు. మేముండే అడవి క్యాంపులోవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, తాగి నడిపాడన్నారు. "నన్ను దూకెయ్యమని అరిచి, తను బ్రేకు తిప్పుతూ ఉండిపోయాడు" అని రాంచీ భయ్యా ఎంత మొత్తుకున్నా వినలేదు. స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడనుకున్నారు.

అమ్మ మాత్రం ఆ మాట నమ్మింది. నమ్మింది కాబట్టే ఇంకో అనుమానం పట్టుకుంది. బ్రేకు వేస్తే బండి ఎందుకాగలేదు? కొద్దిరోజుల ముందే ఆ బ్రేకు విప్పి బిగించింది బాబాయే.

అమ్మ ఆ ప్రశ్న ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అసలు మాట్లాడ్డమే మానేసింది. బాబాయి హాడో వర్క్‌షాపులో చేరాడు. నా చదువూ, చెల్లి పెళ్లీ ఆయన చేతుల మీదే జరిగాయి. సెలవు దొరికితే చాలు మా ఇంటికొచ్చేవాడు. అమ్మ ఆయనకిష్టమని నెత్తళ్ల పులుసు పెట్టేది. కానీ ఆయన ఎదురుగానే నిలబడి, "మీ బాబాయిని కాళ్లు కడుక్కోమను" అని నాతో అనేది. ఆయనా అంతే. "పులుసు బాగుందని మీ అమ్మకి చెప్పమ్మా" అనేవాడు, మూడడుగుల దూరంలో అమ్మ వింటుండగా. మధ్యలో నేను. అలా మేం ఏళ్లకేళ్లు గడిపాం.

ఎవరింటికెళ్లినా బాబాయి ముందు తలుపు చప్పుడు వినేవాడు. కిర్రుమంటే చాలు, సంచీలోంచి చిన్న నూనె డబ్బా తీసి బందులకి రెండు చుక్కలు వేసేవాడు. ఆ తర్వాతే కూర్చోవడం. పిల్లలు చదువులో తప్పితే పెద్దవాళ్లు తిడుతుంటే అడ్డొచ్చి, "తుప్పు పైపైనేరా. గీకితే లోపల ఇనుం అలాగే ఉంటాది" అనేవాడు. తొందరపడేవాళ్లకి ఇంకో మాట ఉండేది: "తొందరగా బిగించింది తొందరగా ఊడతాది." ఈ రెండో మాట అంటున్నప్పుడు ఆయన మొహం కొంచెం మారేది.

నేను రంగత్ స్కూల్లో టీచరుగా ఉండగా, అమ్మ నా దగ్గరే ఉంటున్న రోజుల్లో, పాత ఇంజను ఊసు మళ్లీ వచ్చింది. ప్రమాదమయ్యాక దాన్ని ఏనుగులతో లాగించి కలప డిపో షెడ్డులో పడేశారు. తర్వాత లారీలొచ్చాయి, పట్టాలు చాలావరకు పీకేశారు. ఇంజను మీద తీగలు పాకాయి. దానికి రంగేసి సిమెంటు దిమ్మె మీద నిలబెడతామని కొత్తగా వచ్చిన అటవీ ఆఫీసరు అన్నాడట. అది విని బాబాయి బస్సెక్కి వచ్చేశాడు. నన్ను వెంటబెట్టుకుని ఆఫీసరు దగ్గరికెళ్లాడు.

"సాబ్, రంగెయ్యడానికి నేనక్కర్లేదు. నడిపించమంటే చెప్పండి, ఉంటాను."

ఆఫీసరు నవ్వలేదు. "ఇన్నేళ్ల తుప్పు. నడుస్తుందంటారా?"

"విప్పి చూస్తే గానీ తెలీదు సాబ్."

"ఠీక్ హై. కానీ వానలు మొదలయ్యేలోపే. తర్వాత మనుషుల్ని ఇవ్వలేను."

ఇంటికొచ్చి చెబితే అమ్మ గరిటె విసిరికొట్టినంత పని చేసింది. "ఆ ఇంజన్ని మళ్లీ లేపుతాడటా? ఈసారి ఎవర్ని మింగడానికో అడుగు మీ బాబాయిని!"

బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్కడి నుంచే అన్నాడు: "మీ అమ్మకి చెప్పమ్మా. దాన్ని ఒక్కసారి విప్పి చూడాలి నాను. చూడకుండానే ముసిలోణ్ణయిపోతున్నాను."

ఆ రోజు నుంచీ అమ్మ షెడ్డుకి క్యారేజీ పంపింది.

రాంచీ భయ్యా తనంతట తనే వచ్చి చేరాడు. ఇద్దరూ తలలు నెరిసినవాళ్లే. తీగలు కోశారు, తుప్పు గీకారు. బాయిలరు లోపలి గొట్టాలు జల్లెడైపోయుంటే కొత్తవి ఓడలో తెప్పించారు. బాయిలరు నింపి చన్నీళ్లతో ఒత్తిడి పెట్టి చూస్తే మొదటిసారి రెండుచోట్ల కారింది. మళ్లీ విప్పారు, మళ్లీ బిగించారు. సాయంత్రాలు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, ఒకరి మాట ఒకరు వినకుండా పోట్లాడుకునేవాళ్లు, ఒకరు తెలుగులో, ఒకరు హిందీలో.

ఒక మధ్యాహ్నం బాబాయి చేతులైనా తుడుచుకోకుండా పరుగులాంటి నడకతో వచ్చాడు. "అమ్మని తీసుకుని షెడ్డుకి రా తల్లీ." ఆ గొంతు విని అమ్మ, పొయ్యి మీద ఎసరు దించేసి, తనే ముందు బయల్దేరింది.

ఇంజను కింద నుంచి చక్రాలు బయటికి లాగి, స్లీపరు దుంగల మీద పెట్టి ఉన్నాయి. బాబాయి ఒక చక్రం అంచు మీద అరచెయ్యి పెట్టాడు. "ఇక్కడ చెయ్యేసి చూడమను మీ అమ్మని."

అమ్మ వేసింది. గుండ్రంగా వస్తున్న అంచు, ఒకచోట బల్లలాగా చదునైపోయి ఉంది. మూడు వేళ్లు పట్టేంత.

"ఇదేటి?" అంది అమ్మ, ఎవర్నీ చూడకుండా.

"భాభీ, చక్రం తిరగకుండా పట్టా మీద జారిపోతే ఇలా అరుగుతుంది" అన్నాడు రాంచీ భయ్యా.

బాబాయి పక్క చక్రం మీద కూడా చెయ్యేశాడు. "అన్ని చక్రాలకీ ఉందమ్మా ఇది. బ్రేకు గట్టిగా పడితేనే చక్రం తిరగడం ఆగిపోద్ది. పడింది. చక్రాలు ఆగాయి. పట్టాలు తడి, వెనక దుంగల బరువు. ఆగిన చక్రాల మీదే బండి జారిపోయింది. అన్నయ్య బ్రేకు బిగించాడు. బిగించినోడు వదల్లేదు."

నా నోట్లోంచి వచ్చేసింది: "అంటే నీ తప్పు కూడా లేదన్నమాట బాబాయ్."

ఆయన వెంటనే తలూపలేదు. "బ్రేకు పట్టిందమ్మా. నా బిగింపు వల్ల పట్టడానికి రవ్వంత ఆలస్యమైందేమో, అది ఇనుం చెప్పదు. తెలిసింది ఇంతే."

అబద్ధం ఆడి బయటపడగలిగిన చోట ఆయన అలా అన్నాడు. నేను బాబాయిని తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

అమ్మ ఆ చదునైన చోట చెయ్యి తీయకుండా చాలాసేపు నిలబడింది.

అక్కడితో ఇంకో చిక్కొచ్చింది. ఆ చదును అలాగే ఉంటే బండి నడవదు, దడదడమని పట్టాలు విరగ్గొడుతుంది. చక్రాల్ని హాడో పంపించి, లేత్ మెషీను మీద చుట్టూ సమంగా తీయించాలి. తీయిస్తే నాన్న వదిలివెళ్లిన ఆ ఒక్క సాక్ష్యం పోతుంది. వానలు దగ్గరపడుతున్నా బాబాయి చక్రాల చుట్టూ తిరగడమే గానీ పంపలేకపోయాడు. ఒకరోజు భోజనం దగ్గర, "దిమ్మె మీదే నిలబెట్టించేద్దాం అమ్మా. నడక్కపోతే పోనీ. అన్నయ్య గుర్తు ఉంటాది" అన్నాడు నాతో.

అమ్మ వడ్డిస్తున్నదల్లా ఆగింది.

"బాబూ," అంది. నాతో కాదు, ఆయనతో. "ఆ మచ్చ తీసెయ్యి. ముందు మన పాత క్యాంపోళ్లని పిలిచి అందర్నీ చెయ్యేసి చూడమను. చూశాక తీసెయ్యి. మీ అన్నయ్య నడిపిన బండి అది. బొమ్మలాగా నిలబెట్టకు."

బాబాయి చేతిలో అన్నం ముద్దని కంచంలో పెట్టేశాడు. "అలాగే వదినా" అన్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లి, ఎంతకీ లోపలికి రాలేదు.

క్యాంపువాళ్లలో మిగిలినవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరే చక్రం మీద చెయ్యేసి చూశారు. తాగి నడిపాడని అప్పట్లో గట్టిగా అన్న ఒక పెద్దాయన అమ్మకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ మర్నాడే చక్రాలు హాడోకి పడవెక్కాయి, గుండ్రంగా తిరిగొచ్చాయి.

డిపో నుంచి జెట్టీ దాకా మిగిలిన పట్టాల్నే సరిచేసి, బండిని వానలకి ముందే వాటి మీదికెక్కించారు. రాంచీ భయ్యా పొద్దున్నే నిప్పు వేశాడు. ఎండెక్కేసరికి బాయిలర్లో ఆవిరి నిండింది. బాబాయి అమ్మకి చెయ్యందించి పైకెక్కించాడు. కూత వినగానే స్కూలు పిల్లలంతా నన్ను వదిలేసి పరిగెత్తారు. బండి మెల్లగా, దడ లేకుండా, మడ అడవి పక్కనుంచి జెట్టీ దాకా వెళ్లి ఆగింది. అమ్మ తెల్లచీర మీద మసి చుక్కలు పడ్డాయి. ఆవిడ దులుపుకోలేదు. "నీ బ్రేకు బాగా పట్టింది బాబూ" అంది దిగుతూ.

సాయంత్రమైనా బాబాయి ఇంటికి రాకపోతే పిలవడానికి వెళ్లాను. అందరూ వెళ్లిపోయారు. జెట్టీ పక్క వాగులోకి పోటు నీళ్లు ఎక్కుతున్నాయి. ఆయన ఇంజను మెట్టు మీద కూర్చుని, బాయిలరుకి అరచెయ్యి ఆనించి ఉన్నాడు. చల్లారుతున్న ఇనుము ఉండుండి టిక్కుమంటోంది.

"అమ్మ ఎదురుచూస్తోంది బాబాయ్, పద."

"వస్తానమ్మా. దీని వేడి తగ్గనీ. నువ్వు పద."

కొంచెం దూరం నడిచి వెనక్కి తిరిగి చూశాను. ఇంకా వెచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటూ, ఆ చెయ్యి మెల్లమెల్లగా కిందికి జరుగుతోంది.