తెర మీద మిగిలిన వరుస

మా ఆఫీసులో కంప్యూటర్ తెరిస్తే నల్లటి తెర మీద ఒకే ఒక్క వరుస కనబడుతుంది. దాని కింద అంకెలు ముప్పై నుంచి వెనక్కి నడుస్తాయి. ఎంచుకోవడానికి రెండోది లేనప్పుడు ఈ ఎదురుచూపు ఎందుకని కొత్తగా చేరినవాళ్లంతా అడుగుతారు. మొదట్లో కసిరేదాన్ని. ఇప్పుడు అంత ఓపిక కూడా లేదు, "ఉండనీ" అని ఊరుకుంటున్నాను.

సూరత్‌లో ఉధనా దగ్గర మాది చిన్న డిజైన్ ఆఫీసు. జకార్డ్ మగ్గాల మీద చీర అంచులకూ కొంగులకూ పడే బొమ్మలు కంప్యూటర్‌లో గీసి ఇస్తాం. నన్ను ఈ పనిలో పెట్టింది మా మామ, అంటే నా భర్త తండ్రి. కరీంనగర్ వైపు నుంచి చిన్న వయసులోనే మగ్గం పనికి ఇక్కడికి వచ్చాడు. చదరాల కాగితం మీద డిజైన్లు గీయడం నేర్చాడు, ఆ కాగితాలు పోయాక కంప్యూటర్‌లో గీయడమూ నేర్చాడు. ఇంగ్లీషు అక్షరం రాదు. ఏ గుర్తు నొక్కితే ఏమవుతుందో ఆ గుర్తు ఆకారాన్ని బట్టి మనసులో పెట్టుకున్నాడు.

పెళ్లయి నవాగామ్‌లోని రెండు గదుల ఇంటికి వచ్చినప్పుడు నాకు మౌస్ పట్టుకోవడం కూడా తెలియదు. "రొట్టె తట్టే చెయ్యికి ఇదేం కష్టం బిడ్డా, జర మెల్లగ పట్టుకో" అంటూ నేర్పింది ఆయనే. అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. ఏ డిజైనైనా మగ్గం మీద ఒక్క రిపీట్, అంటే బొమ్మ ఒకసారి పూర్తిగా పడేంత బట్ట, నేయించి కళ్లతో చూసుకున్నాకే పని అయిపోయిందనుకోవాలి. అంతకుముందే చేతులు దులుపుకుంటే ఊరుకునేవాడు కాదు.

ఆఫీసు తాళం ఆయన దగ్గరే ఉండేది. పొద్దున తలుపు తీసి, ఊడ్చి, కంప్యూటర్ స్విచ్ వేసి, అగరొత్తి వెలిగించి, కీబోర్డును తాకి కళ్లకద్దుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాడు. శ్రావణంలో వచ్చే నూలు పున్నమికి మగ్గానికి నూలుపోగు కట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. ఇంట్లో మగ్గం లేదు గనక ఆయన ఆ పోగు తెచ్చి కంప్యూటర్‌కు కట్టేవాడు. ఆఫీసు యజమాని సేఠ్ చూసి నవ్వేవాడు. "నవ్వనీ బిడ్డా, మనకు అన్నం బెట్టేది గిదే గద" అని మామ నాతో తెలుగులో అనేవాడు.

ఆ కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టంలు ఉండేవి. పాతది మామది, ఆయనకు అలవాటైన డిజైన్ సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప నడవదు. కొత్తది నాది. స్విచ్ వేయగానే నల్ల తెర మీద రెండు వరుసలు వచ్చేవి, పైన పాతదాని పేరు, కింద కొత్తదాని పేరు. ముప్పై సెకన్లలోగా ఎవరూ ఏదీ నొక్కకపోతే పాతదే తెరుచుకునేలా పెట్టింది నేనే. మామ దండం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి ఆయన సిస్టం ఆయన ముందు సిద్ధంగా ఉండాలని అలా చేశాను. ఆ రెండు వరుసలను ఆయన ఏనాడూ సరిగ్గా చూడలేదు, అవి కనబడేవేళ కళ్లు మూసుకుని ఉండేవాడు. కోడలిగా ఎంత మంచి ఏర్పాటు చేశానో అని అప్పట్లో తెగ మురిసిపోయాను.

తర్వాత మార్కెట్లో మగ్గాలు మారాయి. పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫైళ్లు కొత్త మగ్గాలకు పనికిరాలేదు. పాతది తీసేయమన్నాడు సేఠ్. మామ రెండు నెలలు నా పక్కన కూర్చుని కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. గుర్తులన్నీ మారిపోయాయి. చిన్న పుస్తకంలో ఒక్కో గుర్తును బొమ్మలా గీసుకుని, పక్కన తెలుగులో రాసుకున్నాడు. అరవై దాటిన మనిషి. కళ్లు మండితే తడి రుమాలు వేసుకుని కాసేపు వెనక్కి వాలి, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆయనకు కొత్తది పట్టుబడుతుందా లేదా అని సేఠ్ కనిపెడుతున్నాడని మా ఇద్దరికీ తెలుసు. పట్టుబడకపోతే ఆ కుర్చీ ఉండదు. ఆ కుర్చీ లేకుండా ఆయన పొద్దున లేచి ఎక్కడికి వెళతాడో నాకు ఊహకే అందేది కాదు.

ఒక శనివారం పాత సిస్టం తీసేశాను. డిజైన్లన్నీ కొత్త వైపుకు ఎక్కించి, మామతో ఒక్కొక్కటీ తెరిపించి, ఆయన సరేనన్నాకే పాత డిస్కు ఖాళీ చేశాను. నల్ల తెర మీద దాని పేరు ఇంకా మిగిలే ఉంటుందని తెలుసు. సిస్టం పోయినా ఆ వరుస దానంతట అది పోదు, విడిగా తీసెయ్యాలి. రెండు నిమిషాల పని. కానీ నడుము విరిగిపోతోంది, ఇంటికి వెళ్లి నీళ్లు పట్టుకోవాలి, వంట చెయ్యాలి. సోమవారం చూద్దాంలే అనుకున్నాను. ఒక్కసారి ఆపి మళ్లీ తెరిచి చూసి ఉంటే అంతా అక్కడే తెలిసిపోయేది. రిపీట్ నేయించి చూసుకోవాలన్న మాట నాకు గుర్తే రాలేదు. మామను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ తీశాను.

సోమవారం మా పాప బడిలో పని ఉండి నేను ఆలస్యమయ్యాను. మామ ఎప్పటిలాగే ముందే ఆటోలో వెళ్లిపోయాడు. నేను ఆఫీసులో అడుగు పెట్టేసరికి సేఠ్ నిలబడి ఉన్నాడు. మార్కెట్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు గడియారం చూసుకుంటున్నాడు. మామ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నల్ల తెర నిండా తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు.

"ఏమైంది మామా? నాకు ఫోన్ జెయ్యలేదేంది?"

"బండి మీద ఉంటవని జెయ్యలే బిడ్డా. ఏం నొక్కిన్నో ఏమో, మిషన్ ఖరాబైంది."

ఆయన ఏమీ నొక్కలేదు. దండం పెట్టుకుని కళ్లు తెరిచాడు, అంతే. కంప్యూటర్ నేను పెట్టిన పద్ధతి ప్రకారం ముప్పై సెకన్లు చూసి, పాత సిస్టం కోసం వెళ్లి, అది లేక అక్కడే ఆగిపోయింది. భయపడి ఆపి మళ్లీ వేశాడట, మళ్లీ కళ్లు మూసుకుని ఈసారి ఇంకా గట్టిగా మొక్కుకున్నాడట. అలా నాలుగుసార్లు. వ్యాపారికి చూపించాల్సిన అంచు కొత్త సిస్టంలో భద్రంగానే ఉంది.

ఇది నా నిర్వాకమేనని ఒక్క చూపులో అర్థమైంది. కంప్యూటర్ ఆపి వేసి, కింది వరుస మీదికి వెళ్లి నొక్కాను. కొత్త సిస్టం తెరుచుకుంది, అంచు తెర మీదికి వచ్చింది. "వాహ్" అన్నాడు వ్యాపారి. సేఠ్ నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. తర్వాత మామ భుజం మీద చెయ్యి వేసి, మెత్తగానే, "కాకా, హవే ఆరామ్ కరో" అన్నాడు. ఇక విశ్రాంతి తీసుకోమని.

అప్పుడు నేను మాట్లాడాలి. మా గల్లీలో నా నోటికి జడవని మనిషి లేడు. నీళ్ల ట్యాంకర్ వాడి దగ్గర్నుంచి బడి హెడ్‌మాస్టర్ దాకా అందరితోనూ పోట్లాడి పని చేయించుకునేదాన్ని. ఆరోజు తప్పు నాది అన్న చిన్న మాట నోటికి రాలేదు. బయటివాడి ముందు చులకనైపోతానని భయం. సేఠ్ మెచ్చుకోవడం బాగుందనిపించింది కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మామ నా మొహంలోకి ఒకసారి చూశాడు. చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక ఆ వరుస తీశాను. తెర మీద తెరుచుకునే చిన్న పెట్టెలో ఒక మాట టైపు చేస్తే సిస్టంల జాబితా వస్తుంది. పాతదాని పేరు ఎంచుకుని డిలీట్ నొక్కితే పోతుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈసారి ఆపి మళ్లీ వేసి చూసుకున్నాను. వరుసలు లేవు, అంకెలు లేవు, తిన్నగా తెరుచుకుంది. అంత శుభ్రంగా తెరుచుకుంటుంటే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో మామ మామూలుగానే ఉన్నాడు. నాకే అన్నం సహించలేదు. మర్నాడు సేఠ్ రాగానే ఉన్నదంతా చెప్పేశాను. "అరే, నిన్ననే చెప్పొద్దా? కాకా కో బులావో" అన్నాడు, ఆయన్ను పిలవమని. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు తోచింది, ఇప్పుడీ కంప్యూటర్ ఆగకుండా తెరుచుకుంటుంది, మామ దండానికి వ్యవధి ఉండదు. ఎక్కడెక్కడో వెతికి, ఒకే సిస్టం ఉన్నా ఆ నల్ల తెర చూపించే ఆదేశం పట్టుకుని, ముప్పై సెకన్లు తిరిగి పెట్టాను. ఆపి వేసి రెండుసార్లు చూసుకుని మరీ ఇంటికి వెళ్లాను.

మామ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. తప్పు నాదేనని, సేఠ్‌కు చెప్పానని, రమ్మన్నాడని, దండం పెట్టుకునేంత సేపూ మిషన్ ఆగుతుందని గబగబా చెప్పాను. ఆయన చేతి పని ఆపకుండా విన్నాడు.

"నాకు తెల్సు బిడ్డా. నువ్వు కింది వరుస మీదికి పోయి తెరిచినప్పుడే తెల్సింది, మిషన్ మంచిగనే ఉన్నదని."

"మరి గప్పుడే సేఠ్‌కు ఎందుకు చెప్పలేదు మామా?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన."

గొంతులో కోపం లేదు. ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. గిన్నె నా చేతికిచ్చి, "జర ఇవి పొయ్యి మీద పెట్టు, పిల్ల ఆకలితో వస్తది" అన్నాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అడగడం నేనే మానేశాను.

ఇప్పుడు తాళం నా దగ్గర ఉంది. ఊడ్చి, అగరొత్తి వెలిగించి, స్విచ్ వేస్తాను. ఎంటర్ నొక్కితే వెంటనే తెరుచుకుంటుంది, కానీ నొక్కను. కళ్లు మూసుకోవడం నాకు చేతకాదు. అంకెలు తగ్గుతుంటే చూస్తూ, ఖాళీ గదిలో పైకే అంటాను, "తప్పు నాది సేఠ్, మా మామది కాదు." ఆ మాట అనడానికి ముప్పై సెకన్లు చాలా ఎక్కువ.