కారం చేతులతో కొన్న ఇయర్‌ఫోన్లు

వాటి ధర ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు పాట సంగతి వదిలేసి ధర దగ్గరే ఆగిపోతారు. మా ఇంట్లో అదే జరిగింది. "చెవిలో దూర్చుకునే దానికి అంత పోస్తావా? అదే చెవులకి కమ్మలొచ్చేవి గదా" అంది మా అత్త. కమ్మలు పెట్టుకుంటే ఊరు చూస్తుంది, నాకు వినపడేదేమీ ఉండదు. ఆ మాటే ఆవిడతో అన్నాను.

నాకు కావలసింది ఆల్టో. మా చర్చి పాటల బృందం, అదే క్వయర్‌లో ఆడవాళ్ళు ఒకే పాటని ఒకేసారి రెండు వరసల్లో పాడతారు. పైన సాగే అసలు వరస సొప్రానో. అది ఎవరికైనా వచ్చేస్తుంది. దాని కింద నడిచే రెండో వరస ఆల్టో. నాకు స్వరాలు చదవడం రాదు, విని నేర్చుకోవాల్సిందే. తెలిసిన ఈస్టర్ పాటకే ఈసారి ఆల్టో కొత్తగా కట్టి, రికార్డింగ్ ఫోన్లో పంపారు. నా దగ్గరున్న చవక ఇయర్‌ఫోన్లలో అందరి గొంతులూ కలిసి ఒకటే కుప్ప. అందులోంచి నా వరస ఏరుకోలేక, ప్రాక్టీసులో మాటిమాటికీ సొప్రానోలోకి జారిపోయేదాన్ని. చివరికి క్వయర్ మాస్టారు అందరి ముందూ అనేశారు. "నీకిది అబ్బేట్టు లేదమ్మా. వచ్చే ఆదివారానికి రాకపోతే ఆల్టో ఇంకొకరికి ఇచ్చేస్తా." పదకొండేళ్ళుగా అదే పాడుతున్నదాన్ని. ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే వినుకొండ దగ్గర మా ఊరి నుంచి మిరపకాయలు గుంటూరు మిర్చి యార్డుకి అమ్మకానికి తీసుకెళ్ళాం. బండి మా తమ్ముడిది. కొనేవాడు బస్తా కోసి, గుప్పెడు కాయలు తీసి, తాలు ఎక్కువుందని పెదవి విరిచాడు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. నేను అక్కడే కూలబడి, అతని కళ్ళ ముందే దోసిళ్ళకొద్దీ కాయలు ఏరి చూపించాను. తాలు ఎంత తక్కువుందో తేలిపోయాక అతను బస్తాలు తూకానికి పెట్టించాడు. ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని ఇయర్‌ఫోన్ల కొట్టుకి వెళ్ళాం. కారం సబ్బుకి పోదు, నూనె రాసి తుడవాలి. మా వైపు పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ తొందరలో నాకు గుర్తు రాలేదు.

కొట్టాయన నా చీర చూసి, గుమ్మం దగ్గర వేలాడదీసిన చవక రకాలు చూపించాడు. అవి వద్దని, లోపల అద్దాల బీరువాలో ఉన్నవి తీయమన్నాను. రెండు రకాలు తీశాడు. రెండూ వైరు ఉన్నవే, చెవి లోపలికి దిగే రబ్బరు టోపీలవే. పెట్టెలో ఇంకో రెండు సైజుల టోపీలు కూడా ఉంటాయని చూపించాడు. మొదటిది నా ఫోన్‌కి తగిలించి ఈస్టర్ పాట పెట్టాను. డ్రమ్ము గుండెల మీద కొట్టినట్టు దబదబలాడింది.

"బేస్ చూశారాండీ! అందరూ ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు.

అందరికీ కావలసింది నాకెందుకు? అది తీసేసి రెండోది పెట్టుకున్నాను. డ్రమ్ము తగ్గింది. పియానో పక్కకి తప్పుకుంది. సొప్రానో కింద ఎవరో ఒకావిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. నేనెప్పుడూ పైకి జారిపోయే చోట ఆవిడ మెల్లగా కిందికి దిగింది.

"ఇక్కడా నేను తప్పేది!" అని కొట్లోనే పైకి అరిచేశాను.

ఈలోగా ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చి, నేను తీసి పెట్టిన మొదటి జత చెవుల్లో పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకి "అమ్మో, మంట!" అంటూ పీకి పారేసి చెవులు నలుపుకోసాగాడు. కొట్టాయన ముందు వైరు చూశాడు, తర్వాత ఎర్రబారిన నా వేళ్ళు చూశాడు.

"మిరపకాయలు ముట్టిన చేత్తో పట్టుకున్నారా? ఇది ఇంకెవరు కొంటారండీ? మీరే తీసుకోవాలి."

"పోనియ్యక్కా, అదే తీసుకుందాం. రెండూ పాటేగా వినిపించేది" అన్నాడు మా తమ్ముడు.

తప్పు నాదే. ఆ పెద్దమనిషికి క్షమించమని చెప్పాను, దూదితో కొబ్బరినూనె అద్దుకోమన్నాను. కానీ తప్పు చేశానని నా వరస వినపడనిదాన్ని నెత్తిన పెట్టుకోవాలా?

"ఆ టోపీలు ఊడొచ్చేయే గదండీ. వాటి డబ్బులు ఇస్తాను, వేరేవి పెట్టి అమ్ముకోండి. నాకు రెండోదే కావాలి."

"ఇట్టాంటి వస్తువులు చేతులు శుభ్రంగా ఉండేవాళ్ళకండీ."

"గుంటూరులో కొట్టు పెట్టుకుని కారం చేతులు రాకూడదంటే ఎట్టాగండీ? ఇదేం మురికి కాదు. నేను పండించిన పంట!"

నిజానికి నా చెవులు కూడా అప్పటికే మండుతున్నాయి. ఆ సంగతి బయటపడితే ఆయనదే పైచేయి అవుతుందని, పైట సర్దుకుంటూ కదలకుండా నిలబడ్డాను. ఆయన టోపీల డబ్బులు కూడా కలిపి లెక్క కట్టి, రెండోదాని పెట్టె నా ముందుకి తోశాడు.

తిరుగు దారిలో బండి నల్లపాడు దాటేసరికి రెండు చెవులూ భగభగమంటున్నాయి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఏందక్కా, పాటకే ఏడుస్తున్నావా?"

"కారానికిరా."

"మరి తీసెయ్యరాదూ?"

"ఆదివారం దాకానేరా గడువు. తియ్యను."

పాటలో ఆవిడ కిందికి దిగే ఆ చోటునే వెనక్కి జరిపి జరిపి విన్నాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. వినుకొండ కొండ కనపడ్డాక ఇయర్‌ఫోన్లు తీసేసి, తమ్ముణ్ణి పాట అందుకోమన్నాను. చిన్నప్పటి నుంచీ అదే చర్చిలో పెరిగినవాడు. అసలు వరస గట్టిగా ఎత్తుకున్నాడు. నేను నాది అందుకున్నాను. రెండు లైన్లు పాడి వాడు ఆగిపోయాడు.

"తప్పు పాడుతున్నావక్కా. వరస అది కాదు."

"తప్పు కాదురా, నేను పాడాల్సింది ఇదే. నువ్వు ఆపకు, నీది నువ్వు పాడు."

నన్ను దారికి తేవాలని కాబోలు, వాడు ఈసారి ఇంకా గొంతు పెంచాడు. నేను జారలేదు.