చుప్ అంటే చెప్పు అనుకున్న పిల్లా, మా విజయా

నిన్న పొద్దున ఫోన్. విజయ పక్కింటాయన. "దీదీ నహీ రహీ" అన్నాడు, అక్క ఇక లేదని.

"కహా గయీ?" అని అడిగాను, ఎక్కడికెళ్లిందని.

యాభై ఏళ్లుగా రాయపూర్‌లో ఉంటున్నవాణ్ని. పోయిందని చెబుతున్నాడని తెలియక కాదు. బుర్ర ఒప్పుకోలేదు.

విజయ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ పిల్ల. వాళ్ల నాన్న, నేను కలిసి వ్యాగన్లు రిపేరు చేశాం. నాకు చెల్లెలి వరస.

ఆమె ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలీదు. పిల్లల హోమ్‌లు, మనసు బాగోలేని పిల్లల క్లినిక్‌లు నిజంగా పిల్లలకు పనికొస్తున్నాయా లేదా అని రీసెర్చ్ చేసి రిపోర్టు రాయడం. ఎనిమిదితో చదువాపేసిన నా లెక్కలో, వ్యాగన్ ఫిట్ అని చాక్‌తో రాసేముందు కిందికి దూరి చూసే పని.

ఎనభైల్లో సంగతి. ధర్సీవా దాటాక ఒక హోమ్‌కి నా స్కూటర్ మీద తీసుకెళ్లాను. (ఎడమపక్కకి పడుకోబెట్టి లేపితే గాని స్టార్టయ్యేది కాదు ఆ మహాతల్లి. సరే, దాని గోల వదిలేయండి.)

విజయకు అది రెండో విజిట్. మొదటిసారి రిజిస్టర్లు చూసి, స్టాఫ్ చెప్పింది రాసుకుని, రిపోర్టు పంపేసింది.

నేను మంచినీళ్ల కోసం వెనక్కి వెళ్లాను. అక్కడ ఆరేడేళ్ల పిల్ల. ఆయా "చుప్" అని నోరు మూసుకోమన్నప్పుడల్లా, అదే మాట మొదటి నుంచీ అందుకుంటోంది.

"నా పేరు నూకాలు. మాయమ్మ టేసన్లో తప్పిపోనాది."

తెలుగు!

ముందు నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది. ఆ పిల్లకి చుప్ అంటే 'చెప్పు' అని వినబడుతోంది. చెప్పమన్నారు కదా అని చెబుతోంది. చెప్పినందుకు దెబ్బలు తింటోంది.

విజయను పిలుచుకొచ్చాను. పిల్ల పక్కన నేల మీద కూర్చుని అంతా వింది. తర్వాత తన పాత రిపోర్టు కాపీ తీసింది. నూకాలు పేరు పక్కన తన చేతిరాతే. 'మందబుద్ధి. మాట వినదు.'

"గల్తీ నాదే అన్నయ్యా. నేను పిల్లని చూడనే లేదు. రిజిస్టర్ని చూశాను."

మర్నాడే తప్పు ఒప్పుకుంటూ ఇంకో రిపోర్టు పంపింది. పైవాళ్లు మండిపడ్డారు. అయినా అది చేరేలోపే, పాత రిపోర్టు ఆధారంగా పిల్లని ఇంకెక్కడికో మార్చేశారు. ఎక్కడికో చెప్పే కాగితం లేదు.

విజయ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది. నూకాలు దొరకలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ హోమ్‌కి వెళ్లినా ముందు పిల్లల మధ్య కూర్చునేది. రిజిస్టర్ ఆ తర్వాతే. ఆ పద్ధతికే శాలువాలు కప్పారు. కప్పిన ప్రతిసారీ తలదించుకునేది.

ఎంతమంది పిల్లలకు మేలు చేసిందో అని నిన్న అందరూ అన్నారు. నిజమే. కానీ ఆ మేలంతా ఒక పిల్లకి జరిగిన కీడులోంచి వచ్చింది. దీన్ని ఎలా తలుచుకోవాలో నాకు తెలియడం లేదు.

పోయిన వారం ఆస్పత్రిలో అడిగింది.

"నూకాలు ఇప్పటికీ అలాగే మాట్లాడుతుంటాదంటావా, అన్నయ్యా?"

"ఎందుకు మాట్లాడదు?" అన్నాను వెంటనే.

ఏం తెలుసని అన్నాను?

వెళ్లిరా, విజయా. ఆ ప్రశ్న ఇక నాకు వదిలేయ్. నీ మనసు కుదుటపడాలి.