చుట్టినవాళ్లే బటన్ ఒత్తాలి

ఆ పిల్లను మా షాపుకు వాళ్ల అవ్వ, కన్నతల్లే, తీసుకొచ్చింది. పని కావాలని అడిగింది అవ్వే. నేను పిల్లను ఏది అడిగినా జవాబు చెప్పింది కూడా అవ్వే.

పెద్దపల్లిలో మాది మోటర్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటర్లను విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తం. ఒకప్పుడు మా ఇంటాయన నడిపేటోడు. ఆయన మస్కట్ పోయినంక షాపు మూసెయ్యబుద్ధి కాక నేనే నడిపిన. ఇంటి ముందరి గదిలోనే షాపు కాబట్టి, పొయ్యి మీద కూర ఉడికే లోపల ఆయనకు తీగ అందిస్తూ, తీగ కింద పరిచే కాగితం కోసి ఇస్తూ ఆ పని నా చేతులకు ఎప్పుడో వచ్చేసింది. ఆయన తిరిగి వచ్చేసరికి మోకాళ్లు పాడైనయి. ఇప్పుడు కౌంటర్ దగ్గర కూర్చొని రైతులతో ముచ్చట పెడతడు. మోటర్లు నావి, ముచ్చట్లు ఆయనవి.

"ఏం చదివినవ్ బిడ్డా?" అని పిల్లను అడిగిన.

"ఐటీఐ అక్కా. ఎలక్ట్రీషియన్. ఫస్ట్ క్లాసు," అన్నది అవ్వ.

"మోటర్ ఎన్నడన్న ఇప్పినవా?"

"ఇప్పకేంది! మా ఇంట్ల మిక్సీ మొత్తం ఇప్పింది," అన్నది అవ్వ.

పిల్ల నేల చూస్తూ నిలబడ్డది. అట్ల చూస్తూనే మెల్లగ అన్నది: "మల్ల బిగియ్యరాలే."

మా ఇంటాయన ఫక్కున నవ్విండు. "పెట్టుకో. ఈ షాపుల అబద్ధాలాడేటందుకు నేనొక్కణ్ని చాలు," అన్నడు.

వాళ్లది కాగజ్‌నగర్. పిల్ల తండ్రి అక్కడ కాగితం మిల్లు పని మీదనే బతికేటోడు. మిల్లు మూతపడ్డప్పుడు ఇల్లు సర్దుకొని ఇటు వచ్చి బియ్యం మిల్లులో హమాలీ పనికి కుదిరిండు. కొన్నేండ్లకు ఆ కాగితం మిల్లు మళ్లీ తెరిచిండ్రు గానీ, అప్పటికే పిల్లల చదువులు ఇక్కడ పడ్డయి, వీళ్లు తిరిగి పోలేదు. ఐటీఐ అయినంక ఈ పిల్ల ఎక్కడ పని అడిగినా అనుభవం ఉందా అని అడిగిండ్రట. అనుభవం ఎవరిస్తరో మాత్రం ఎవరూ చెప్పలేదు. చాలా రోజులు ఇంట్లోనే ఉన్నది.

అవ్వ మా షాపును ఇంకో తీరుగ ఊహించుకొని వచ్చింది. కరెంటు సామాను షాపు అంటే ఫ్యాను కింద కూర్చొని బల్బులు అమ్ముడు అనుకున్నది. లోపల మాడిపోయిన మోటర్ల వాసన తగలంగనే ఆమె మొఖం మారింది.

"అక్కా, గీ నల్ల పనా?"

"పనే నలుపు చెల్లె. కడుక్కుంటే చెయ్యి తెల్లగైతది."

ఆమె ఒక గడువు పెట్టింది. "ఎండకాలం యాసంగి కోతల దాక చూస్త. అప్పటికి దీన్ని మోటర్ మెకానిక్ అని నలుగురు ఒప్పుకుంటే ఉండనీ. లేకుంటే కరీంనగర్ల బట్టల షాపుకు తోల్త. మా తమ్ముడు ఆడ మాట్లాడి పెట్టిండు."

అవ్వ పోయినంక పిల్ల నా దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, నన్ను ఆడికి పోనియ్యకు. పొద్దంత నిలబడి చీరెలు మడత పెట్టుడు నాతోని కాదు. మా అవ్వ చీరెనే నేను ఉండ చుట్టి పెడత."

ఆ చేతులే తీగను మాత్రం ఎంత ముద్దుగ మడిచేవో! మొదట్లో వేళ్లు కోసుకున్నది. మాడిన తీగ లాగుతుంటే మసి మొఖానికి పూసుకున్నది. మోటర్ లోపలి గాడులు సన్నగ ఉంటయి. తీగ మీద పైపూత గీసుకుపోకుండ ఒక్కొక్క పోగును లోపలికి జార్చాలి. బలం పెడితే చెడుతది, భయపడితే వదులైతది. నేను అది చేతితో చూపించిన. ఏ తీగ కొస ఏ కొసకు ఎందుకు కలుపుతరో బొమ్మ గీసి ఆమె నాకు చూపించింది. అన్నేండ్లు చేసిన పనికి కారణం అప్పుడు తెలిసి నాకు సంబురమైంది. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఇద్దరం దాని గురించే మాట్లాడుకునేటోళ్లం.

వైండింగ్ షాపుల్లో ఒక పద్ధతి ఉన్నది. పని నేర్చుకునేటోళ్లు ఏం చేసినా అది ఉస్తాద్ పేరు మీదనే పోతది. రైతుకు ఉస్తాదే కనపడతడు. నేర్చుకునేటోళ్లు ఏండ్లకేండ్లు వెనక గదిలోనే ఉంటరు, బయటికి వచ్చినప్పుడు వాళ్లను ఎవరూ గుర్తుపట్టరు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఎవరు చుట్టిన మోటర్‌ను వాళ్లు చుట్టిండ్రనే రైతుకు చెప్త.

యాసంగి వరి పొట్టకు వచ్చిన రోజుల్లో మా ఊరి పక్క పల్లె రైతు ఒకాయన కాలిన మోటర్‌ను ట్రాలీ ఆటోలో వేసుకొని ఉరికొచ్చిండు. నీళ్లు ఆగితే గింజ పట్టదు. నా ముందట అప్పటికే విప్పిన మోటర్లున్నయి. ఆ మోటర్ పిల్లకు ఇచ్చిన. మొదటినుంచి చివరి దాక ఆమె ఒక్కతే చుట్టింది. పరీక్షించి చూసిన, నాకు ఎక్కడా వంక దొరకలేదు.

రైతు తీసుకుపోవడానికి వస్తే, "ఇది ఈ పిల్ల చుట్టింది," అని చెప్పిన.

ఆయన మోటర్ మీద పెట్టిన చెయ్యి తీసిండు. "ఏందక్కా, మజాకా? నా పొలం పొట్ట మీదున్నది. ఆడపిల్ల చుట్టిన మోటర్ దింపుమంటవా?"

"నీ పొలంల నాట్లెవరేసిండ్రు తమ్మీ?"

"కూలోళ్లు."

"ఆడోళ్లా, మొగోళ్లా?"

"ఆడోళ్లే."

"మరి పొట్టకు రాలేదా?"

షాపులో ఉన్నోళ్లంత నవ్విండ్రు. ఆయనా నవ్విండు గానీ దిగిరాలేదు. "సరే. చుట్టినోళ్లే బటన్ ఒత్తుడు మన రివాజు గదా. గీ పిల్లనే బోరు కాడికి వచ్చి అందరి ముందట ఒత్తాలె. నడిస్తే నేను నలుగురికి చెప్త. నడవకపోయినా నలుగురికి చెప్త."

మా దిక్కు బాగు చేసిన మోటర్‌ను బోరులోకి దింపినంక కొబ్బరికాయ కొడతరు. చుట్టినాయన స్టార్టర్ బటన్ ఒత్తుతడు. నీళ్లు వస్తే రైతు ఆయన భుజం మీద కొత్త తువ్వాల కప్పుతడు. ఆ బటన్ మీద ఆడమనిషి వేలు పడిందని నేను ఎన్నడూ వినలేదు. నా మోటర్లకు కూడా మా ఇంటాయనో, ఇంకెవరో పోయి ఒత్తేటోళ్లు.

రైతు పోయినంక మా ఇంటాయన నా మీద గరమైండు. "నీకు చెప్పకుంటే పొద్దుపోదా? మోటర్ నడవకపోతే షాపు పేరు పోతది, పిల్ల పని పోతది."

ఆ మాట నిజమే. పిల్ల అవ్వకు అప్పటికే కబురు అందింది. మేము ట్రాలీ ఆటో ఎక్కే టైముకు ఆమె కూడా వచ్చి ఎక్కింది. "నడువకుంటే ఆడికెల్లే కరీంనగర్ బస్సు ఎక్కిస్త," అన్నది. పిల్ల పనిముట్ల సంచిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది.

బోరు దగ్గరికి పోయేసరికి ఇరుగుపొరుగు పొలాల రైతులు గూడ వచ్చి గట్ల మీద కూర్చున్నరు. పైపులు ఒక్కొక్కటి బిగించుకుంట మోటర్‌ను లోపలికి దింపిండ్రు. కొబ్బరికాయ కొట్టిండ్రు. మేము చర్చికి పోయేటోళ్లం, నేను కండ్లు మూసుకొని నా ప్రార్థన నేను చేసుకున్న.

"రా బిడ్డా, ఒత్తు," అన్నడు రైతు.

పిల్ల స్టార్టర్ డబ్బా ముందట నిలబడ్డది. బటన్ ఒత్తలేదు. కరెంటు బంద్ చేయించి డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"ఏమైంది?"

"ఒత్తను కాకా."

గట్ల మీద గుసగుసలు లేచినయి. "భయపడ్డది," అన్నడొకడు. "బటన్ ఏదో తెలుస్తలేనట్టుంది," అన్నడింకొకడు. అవ్వ వెనకనుంచి పిల్ల వీపు మీద పొడిచింది. "ఒత్తు బిడ్డా, ఇజ్జత్ తియ్యకు!"

నా చెయ్యి కూడా లేచింది. దగ్గరికి పోయి, ఏముందో చూసి, నేనే ఒత్తేద్దామన్నంత పనైంది. అప్పుడు నాకు చర్చిలో ఒక ఆదివారం గుర్తుకొచ్చింది. నేను నలభై దాటినంక పాస్టరమ్మ దగ్గర సాయంత్రం పూట అక్షరాలు నేర్చుకున్న. కూడబలుక్కొని చదవడం రాంగనే ఆమె నన్ను ఆరాధనలో అందరి ముందట నిలబెట్టి వాక్యం చదవమన్నది. నడుమ ఒక మాట కాడ ఆగిపోయిన. ముందు వరుసలో ఒకామె ఆ మాట అందియ్యబోతే పాస్టరమ్మ ఆమె చేతిని పట్టుకొని ఆపింది. అందరూ నా కోసం ఆగిండ్రు. ఆ మాటను నేనే చదివిన. ఆ రోజు ఎవరన్న అందిచ్చి ఉంటే నేను మళ్లీ ఎన్నడూ లేచి నిలబడకపోదును.

నేను చెయ్యి దించుకొని ఉన్నకాడనే ఉన్న. "ఎందుకొత్తవో కాకకు చెప్పు బిడ్డా," అని మాత్రం అన్న.

పిల్ల గొంతు మొదట చిన్నగనే వచ్చింది. "కరెంటు వచ్చే మూడు ఫేజులల్ల ఒక ఫేజు పోతే మోటర్ దానంతట అదే ఆగేటందుకు దీంట్ల చిన్న డబ్బా ఉంటది కాకా. దాన్ని తప్పించి ఎవరో తీగ కట్టిండ్రు."

"నేనే కట్టిన," అన్నడు రైతు. "మాటిమాటికి ఆగుతుంది. రాత్రి పగలు పొలానికి ఎవరు తిరుగాలె?"

"అది ఆగింది ఊకెనే కాదు. ఇగో సూడు, ఈ కాంటాక్టు మాడి నల్లగైంది. ఇటు నుంచి కరెంటు పోతలేదు. రెండు ఫేజుల మీదనే నడిచి నడిచి నీ మోటర్ కాలింది. ఇప్పుడు నేను ఒత్తితే కొత్త తీగ కూడ కాలుతది. నేను చుట్టిన మోటర్‌ను నేనే ఎట్ల కాలపెడత?"

రైతు వంగి ఆ మాడిన ముక్కను వేలుతో ముట్టి చూసిండు. బండి తీసి ఊర్లోకి పోయి కొత్త కాంటాక్టులు తెచ్చిండు. పిల్ల అవి బిగించింది, ఆయన కట్టిన తీగ తెంపింది, ఆ చిన్న డబ్బాను మళ్లీ కలిపింది. కరెంటు ఇప్పించి, మూడు ఫేజులూ వస్తున్నయో లేదో బల్బు పెట్టి చూసింది. అప్పుడు పచ్చ బటన్ మీద వేలు పెట్టి ఒత్తింది.

పైపు ముందు గాలి కక్కింది. తర్వాత ఎర్ర నీళ్లు. ఆ తర్వాత తెల్లటి ధార, పైపు నోటి నిండ. కాలువలోకి పడి మడి వైపు ఉరికింది. గట్ల మీద కూర్చున్నోళ్లు లేచి నిలబడి ఈలలేసిండ్రు. అవ్వ కొంగుతో మూతి మూసుకొని ఏడ్చింది.

రైతు భార్య ఇంటికి వచ్చిన ఆడబిడ్డకు ఇచ్చినట్టు కుంకుమ, రైక బట్ట పట్టుకొచ్చింది. పిల్ల బొట్టు పెట్టించుకున్నది, రైక బట్ట తీసుకున్నది. తర్వాత రైతు వైపు తిరిగి, "తువ్వాల ఏది కాకా?" అన్నది.

ఒక్కసారి అందరూ గొల్లుమన్నరు. ఆయన ఆడపిల్ల గదా అని తువ్వాల కొననే లేదట. భుజం మీదున్న తన తువ్వాల తీసి, రెండుసార్లు దులిపి, పిల్ల భుజం మీద కప్పిండు. "మెకానిక్ సాబ్, నా మోటర్ ఇగ నీ జిమ్మ," అన్నడు.

కరీంనగర్ బస్సు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె మా దగ్గర ఇంకొన్ని యాసంగులు పనిచేసి, ఆ పల్లెలకు దగ్గర్లో ఉన్న చౌరస్తాలో సొంత షాపు పెట్టుకున్నది. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు, ఒక పిలగాడు పని నేర్చుకుంటున్నరు. ఎవరు చుట్టింది వాళ్లే చెప్పాలని, వాళ్లే పోయి బటన్ ఒత్తాలని అక్కడా అదే పద్ధతి. మొన్న ఒక రైతు ఆటోలో మోటర్ తెచ్చి మా గడప ముందట దింపి, ఆ పిల్ల ఎక్కడ అని అడిగిండు. చౌరస్తాలో షాపు పెట్టిందని చెప్పిన. ఆయన అక్కడికే పోతనని మోటర్ మళ్లీ ఎత్తబోయిండు.

"సూసుకుంట నిలబడ్డవేందే, గిరాకీ పోతుంది!" అని మా ఇంటాయన కౌంటర్ నుంచి ఒర్లిండు.

నేను మోటర్‌కు ఇంకో దిక్కు చెయ్యి పట్టి ఆటోలోకి ఎత్తిచ్చిన.