కంప్యూటర్ గదిలో వెచ్చని కుర్చీ

దయ్యాలంటే నాకు భయం కాదు, చీదర. పనీపాటా లేనివాళ్లకే అవి కనబడతాయని ఇప్పటికీ మా మనవలకు చెబుతాను. దిష్టి నిమ్మకాయలకు నేను పైసా తగలేసిందాన్ని కాదు.

డెబ్బైలలో ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేశాను. అక్కడ ఒకే కంప్యూటర్ నాలుగైదు కంపెనీల లెక్కలు చేసేది. గుమాస్తాలు చెమటలు కక్కుతుంటే కంప్యూటర్ అనే ఆ ఇనుప బీరువాలకు మాత్రం ఏసీ! వాటి ముందు టైపు మిషను లాంటిది ఉండేది. దాని దగ్గర కూర్చున్నవాడు ఏది కొడితే కంప్యూటర్ అది చేస్తుంది. అందుకే గదికి ఇంత లావు తాళం. ఉన్న ఒక్క తాళంచెవి మాత్రం తలుపు పక్కనే మేకుకు వేలాడేది.

"ఇక్కడికెవడొస్తాడమ్మా!" అని నవ్వేవాడు మేనేజరు. చదువుకున్న తెలివి.

కాపలా మా తమ్ముడు యాదగిరి. నేనే కాళ్లావేళ్లా పడి పెట్టించాను.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లాక గది తుడిచి వచ్చాను. తమ్ముడు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. ఇద్దరం తలుపు ముందే అన్నం డబ్బా విప్పాం. లోపల టైపు మిషను టకటకమంది.

"అక్కా, లోపల ఎవలన్న ఉన్నరా?"

"ఉంటే వాన్ని గూడ తుడిచి పారేస్తుంటి. తిను."

అంతలో నాంపల్లి వెళ్లిన మేనేజరు తిరిగొచ్చాడు. చప్పుడు విని తమ్ముడి కాలరు పట్టుకున్నాడు.

"ఎవణ్ణి పంపావురా లోపలికి? రేపట్నుంచి రావద్దు!"

తమ్ముడి పెళ్లాం నిండు నెలల మనిషి. చేతిలో ముద్ద డబ్బాలో పడేసి లేచాను.

తలుపు తీస్తే చప్పుడు ఆగిపోయింది. మనిషి లేడు. కిటికీ లేదు. టైపు మిషనులోని కాగితం మీద కొత్త వరసలున్నాయి. ఇంకా ఆరని నేల మీద అడుగు పడిన గుర్తు లేదు.

"ఎవడో కూర్చుని కొట్టాడు" అన్నాడు మేనేజరు.

"ఏడి సారూ? బీరువల దాగిండా?" అంటూ కుర్చీ జరపబోయాను. ఎప్పుడూ మంచులా ఉండే ఇనుప కుర్చీ. అప్పుడే ఎవరో లేచినట్టు వెచ్చగా ఉంది. మేనేజరూ చెయ్యి పెట్టి, కాలినట్టు లాక్కున్నాడు. ఆ తర్వాత తమ్ముడి నౌకరీ ఊసెత్తలేదు.

మర్నాడు పూజారి వచ్చాడు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. తాళంచెవి మళ్లీ అదే మేకుకు తగిలించారు. దయ్యానికి జడిసినవాళ్లకు దొంగ గుర్తుకు రాలేదు.

ఆ వెచ్చదనం మాత్రం ఇప్పటికీ నా అరచేతికి గుర్తే. కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. తెలుసనేవాళ్లను గుమ్మం తొక్కనివ్వను.