సింహద్వారం కమ్మికి వేలాడిన ఇంజను

నా కబుర్లలో పావలా నిజం, ముప్పావలా మసాలా అని మా వీధిలో పేరు. ఉప్పెనలో మా తాత తాటాకు మీద కూర్చుని, చుట్ట ఆరిపోకుండా బందరు నుంచి గూడూరు దాకా తేలుతూ వచ్చాడని చెబితే జనం కాఫీ ఇచ్చి మరీ వినేవారు. ఇది మాత్రం మసాలా వెయ్యకుండా రాస్తున్నాను. అంత రుచిగా ఉండదు.

తొంభైల చివర్లో పామర్రులో ఒకాయన దగ్గర పాత డీజిల్ కారు కొన్నాను. ఇంటికి తెచ్చిన నెలకే క్లచ్ ప్లేటు పోయింది. షెడ్డులో అడిగిన కూలి వింటే కారు అక్కడే వదిలేసి రావాలనిపించింది. మా బావమరిది ట్రాక్టరు తోలేవాడు. "షెడ్డెందుకు బావా, గేరుబాక్సు దింపడం ఎంతసేపు? మన వాకిట్లోనే కానిద్దాం" అన్నాడు. ఎవరైనా అలా అంటే బాగుండునని ఎదురుచూస్తున్నవాణ్ణి, వెంటనే ఒప్పేసుకున్నాను.

గేరుబాక్సు విప్పితే ఇంజను వెనకభాగానికి ఆధారం ఉండదు. ముందు వైపు మాత్రం పట్టుకుని వెనక్కి వాలిపోతుంది. అందుకని బానెట్ తీసేసి, కారుకి అడ్డంగా రెండు మడ్‌గార్డుల మీద ఒక దూలం వేసి, ఇంజనుని దానికి గొలుసుతో వేలాడదీయాలి. గొలుసు ట్రాక్టరుది ఉంది. దూలమే లేదు. వెదురు వేస్తే విల్లులా వంగింది. కొబ్బరి మొద్దు మా ఇద్దరికీ లేవలేదు.

అప్పుడు మా బావమరిది చూపు అరుగు మీదికి పోయింది.

ఎదురింటి మాస్టారు పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టుకుంటున్నారు. ఆయన సింహద్వారం తాలూకు టేకు చెక్కలు, ఇంకా బిగించనివి, వానకి తడవకుండా మా అరుగు మీద పెట్టారు. ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం నాలుగు రోజుల్లో ఉంది. చేసినది ముసలి వడ్రంగి మేస్త్రి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చెక్కిన గుమ్మం అంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదని మాట.

"తప్పేమోరా, గుమ్మం కదా" అన్నాను.

"గుమ్మం నిలబెడితే కదా బావా! ఇప్పుడు అది వట్టి కర్రే."

ఆ మాట నాకు ఎంత హాయిగా తోచిందో. ద్వారబంధానికి పక్కన నిలిచే చెక్క, నిలువు కమ్మి ఒకటి తెచ్చి అడ్డంగా వేశాం. దాని నడుమ గడియ కోసం తొలిచిన బెజ్జం ఉంది. గొలుసు జారకుండా ఉంటుందని దాన్ని ఆ బెజ్జంలోంచే దూర్చాను. ఆ తెలివి నాదే. బరువంతా కర్ర బలహీనంగా ఉన్నచోటే పడుతుందని మేస్త్రిని అడిగితే చెప్పేవాడు. గేరుబాక్సు ఊపి లాగుతుంటే కమ్మి కిర్రుమని, ఠాప్‌మని బెజ్జం దగ్గర నిలువునా పగిలింది. ఇంజను జానెడు దిగి, కింద పేర్చిన ఇటుకల మీద కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం అదొక్కటే.

కమ్మిని తీసుకెళ్ళి అరుగు మీద యథాస్థానంలో పెట్టాం. గొలుసు రాసుకున్న చోట, నూనె మరక అంటిన చోట దట్టంగా పసుపు పూశాను. సాయంత్రం మాస్టారు వచ్చి చూసి నిర్ఘాంతపోయారు. పగిలిన కమ్మి సింహద్వారానికి పనికిరాదు కదా. "ఏమైందోయ్?" అని అడిగారు.

ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబుంది. కానీ నా నోరు నా మాట ఎప్పుడు వింది?

"మిట్టమధ్యాహ్నం మాస్టారూ! తుపాకీ పేలినట్టు ఠాప్‌మంది. దూడ పలుపు తెంపుకుంది. మా ఆవిడ చేతిలో గిన్నె జారిపోయింది. చూస్తే కర్ర దానంతటదే విచ్చుకుంటోందండీ, పెసరకాయలాగా! పచ్చి టేకేమో. అశుభమని పసుపు పూశాం."

రెండు రోజుల్లో ఆ పెసరకాయ వీధంతా పాకింది. మేస్త్రి పచ్చి కర్ర వేశాడన్నారు. చూపు తగ్గిందన్నారు. ఇల్లు కట్టుకుంటున్న ఇంకొకరు గోడలు లేస్తుండగానే ఆయనకిచ్చిన తలుపుల పని మాన్పించారు.

మూడో రోజు మేస్త్రి వచ్చాడు. కమ్మి పక్కన గొంతుక్కూర్చుని, పగులులో బొటనవేలు పెట్టి, పసుపు కొంచెం గీకి, ఆ వేలు వాసన చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

"తమరు విన్నారా బాబూ, చప్పుడు?"

"విన్నానండి" అన్నాను. అది నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

ఆయన వేలు పంచెకి తుడుచుకుని లేచాడు. తన ఇంట్లో ఎన్నాళ్ళుగానో దాచుకున్న టేకు తెచ్చి, కూర్చున్నచోటు నుంచి లేవకుండా కొత్త కమ్మి చేసి ముహూర్తానికి అందించాడు. పాతది మాస్టారింట్లో పొయ్యిలోకి వెళ్ళింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు. అవనిగడ్డ వైపు కూతురింటికి వెళ్ళిపోయాడని విన్నాను.

ఏడాది పైగా ఆగి, ఆ కారులోనే అవనిగడ్డ వెళ్ళాను. ఇంటి ముందు మంచం కోళ్ళు చెక్కుతున్నాడు. జరిగింది చెప్పాను. బాడిశ ఆపలేదు.

"నాకెందుకు చెప్పడం బాబూ? డీజిల్ వాసన నాకు తెలీదా? చెప్పాల్సింది మీ వీధిలో కదా."

"మరి ఆ రోజే ఎందుకు అడగలేదండీ?"

"అడిగానుగా."

తిరిగొచ్చి నేరుగా మాస్టారి డాబా ఎక్కాను. మరో నలుగురు కూర్చుని ఉన్నారు. గొలుసు, బెజ్జం, ఇటుకలు, పసుపు, ఒక్కటీ దాచకుండా చెప్పాను. అంతా పగలబడి నవ్వారు. "సింహద్వారానికి ఇంజను వేలాడదీశాడట! తాటాకు మీద తాత కంటే ఇది బాగుందిరా" అన్నాడొకాయన. ఒట్టేశాను. ఇంకా నవ్వారు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేశారు.

"నాకు అర్థమైందోయ్. ఆ ముసలాయన మీద జాలితో నింద నీ నెత్తిన వేసుకుంటున్నావు. ఈ రోజుల్లో ఎవరున్నారు ఇలాంటివాళ్ళు?"

కాదండీ అన్నాను. కాదండీ అన్న కొద్దీ ఆయన కళ్ళలో గౌరవం పెరిగింది. లోపలికి కేకేసి నాకు కాఫీ తెప్పించారు, మంచి వెండి గ్లాసులో.

తాగాను.